చిరుగు కాదు, చుట్టూ చూడు

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే చప్పుళ్ల మధ్య మావయ్య రెగ్జిన్ షెడ్డు. బెంజ్ సర్కిల్ వైపు అద్దాల తలుపులు పెట్టిన సీట్ కవర్ల షాపు మేనల్లుడిది. ఒకే ఖాతాదారు రెండు బండ్లు తెచ్చి ఇద్దరినీ సలహా అడిగాడు. ఒకటి తండ్రి వాడిన మార్క్ 4 అంబాసిడర్. రెండోది ఈమధ్యే కొన్న ఎస్‌యూవీ. అంబాసిడర్‌కి ఎడమ వైపు డోర్ ప్యాడ్ మీద జానెడు కోత ఉంది, ముందు సీటు కుట్టు వెంబడి విచ్చుకుంది. ఎస్‌యూవీలో డ్రైవర్ సీటు పక్క అంచు చిరిగింది. ఆయన అటు వెళ్లగానే ఇటు వాదన మొదలైంది.

మేనల్లుడు: మావయ్యా, ఆ ఒక్క డోర్ ప్యాడ్ మీద నువ్వొక పూట కూర్చుంటావు. ఆ పూటలో నేను నాలుగు ప్యాడ్లకీ కొత్త రెగ్జిన్ ఎక్కించి బండి పంపించేస్తాను. చూసేవాడికి కొత్తగా ఉంటుంది, నాకు నాలుగు డబ్బులుంటాయి. ఇంక చర్చ దేనికి?

మావయ్య: డబ్బుల సంగతి తర్వాత. ప్యాడ్ మీద చెయ్యి పెట్టి చూశావా?

మేనల్లుడు: చూడకుండా ఎందుకు మాట్లాడతాను? ఇంత పొడుగు కోత.

మావయ్య: కోత చూశావు. కోత పక్కన చూళ్లేదు. బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగి మళ్లీ పైకొచ్చింది. మడిచినా గీత పడలేదు. ఏదో ఇనప సామాను ఎక్కించేటప్పుడు అంచు తగిలి తెగింది, అంతే. అదే ముందు సీటు చూడు. కుట్టు పక్కన కాస్త మడిస్తే చాలు, తెల్లగా చారలొస్తున్నాయి. ఒకటి దెబ్బ, రెండోది జబ్బు. రెండింటికీ ఒకటే మందు రాసేవాణ్ణి వైద్యుడంటామా?

మేనల్లుడు: ప్లాస్టిక్‌కి జబ్బేంటి మావయ్యా!

మావయ్య: ప్లాస్టిక్కే, కాదన్లేదు. పీవీసీ. ఒట్టి పీవీసీ అయితే నీళ్ల పైపంత గట్టిగా ఉంటుంది, దాని మీద ఎవడు కూర్చుంటాడు? నూనెలాంటి ద్రవం కలిపితే గానీ మెత్తబడదు. ఆ కిటుకు 1926లో అమెరికాలో గుడ్‌రిచ్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త వాల్డో సీమన్‌కి దొరికింది. సీటుకి వాడే రకంలో 100 పాళ్ల పీవీసీకి 50, 60 పాళ్ల దాకా ఆ ద్రవమే ఉంటుంది. చిక్కేంటంటే, అది పీవీసీతో ముడిపడిపోదు, సందుల్లో నక్కి ఉంటుందంతే. ఎండ కాసినప్పుడల్లా కొంచెం కొంచెం బయటికి పోతుంది. కొత్త కారు అద్దానికి లోపలి వైపు పట్టే జిడ్డు పొర ఉందే, అందులో అదీ ఉంటుంది. అది చాలావరకు పోయేసరికి రెగ్జిన్ కుంచించుకుని పెళుసెక్కుతుంది. అప్పుడు దెబ్బ తగలక్కర్లేదు, దానంతటదే పగులుతుంది.

మేనల్లుడు: ఇప్పుడు నా మాట నువ్వే చెప్పావు. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఎండలో గంటసేపు ఆపిన కార్లలో వేడి కొలిచి 2018లో లెక్కలు ప్రచురించారు. డ్యాష్‌బోర్డు సగటున 69 డిగ్రీలు, స్టీరింగ్ 53, సీటు 51. మనకి రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయి, రెగ్జిన్ ఒక లెక్కా? ఇవాళ నువ్వు అతికిస్తావు. వచ్చే ఎండాకాలానికి దాని పక్కన ఇంకోచోట నోరు తెరుస్తుంది. ఆయన మళ్లీ వస్తాడు. ఈసారి నన్నే తిడతాడు.

మావయ్య: డ్యాష్‌బోర్డు విషయంలో నువ్వన్నది నిజం. పలచటి వినైల్ తొడుగు, కింద ఫోమ్, దాని కింద గట్టి చట్రం. పైతొడుగు కుంచించుకుపోతుంటే చట్రం కదలదు. ఆ లాగుడుకి పగులు వస్తుంది, వచ్చిన పగులు రోజురోజుకీ వెడల్పవుతుంది. దాంట్లో పేస్టు నింపితే పేస్టు నిలుస్తుంది, దాని అంచు విడిపోతుంది. అలాంటి పని నేను ఒప్పుకోను. కానీ ఈ డోర్ ప్యాడ్ మీద డ్యాష్‌బోర్డు మీద పడినంత ఎండ పడదు. కింద హార్డ్‌బోర్డు అట్ట ఉంది, ఎవరూ కూర్చోరు, సాగదు. ఇలాంటిచోట చేసిన అతుకు ఎందుకు పోతుందో చెప్పు?

మేనల్లుడు: పోదనుకో. అయినా అది దాచడమేగా? పాతకార్ల బేరగాళ్లు నీలాంటి వాళ్ల దగ్గరికే వస్తారు. మచ్చలు మాయం చేయించి, బండి సింగిల్ ఓనర్, కడిగిన ముత్యం అని అమ్ముతారు. నేను కొత్తది వేస్తే కొత్తదని అందరికీ కనిపిస్తుంది. మోసం లేదు.

మావయ్య: నువ్వు కొత్తది ‘వేస్తున్నావా’, పాతదాని మీద ‘తొడుగుతున్నావా’? నీ షాపులో పదింట తొమ్మిది బండ్లకి జరిగేది తొడగడమే. కింద సీటు చిరిగి ఉంటుంది, ఫోమ్ కుంగి ఉంటుంది. దాని మీద కవరు లాగి కొక్కేలు తగిలించి పంపిస్తావు. లోపల చిరుగు పెరుగుతూనే ఉంటుంది. తాగునీళ్లు ఒలికినా, పిల్లలు పాలు కక్కినా రెండు పొరల మధ్యకే దిగి బూజు పడుతుంది. దాచిందెవరు?

మేనల్లుడు: కవరు మాసిపోతే మార్చుకోవచ్చు. కింద కంపెనీ సీటు భద్రంగా ఉంటుంది. కొత్త బండి కొన్నవాడు మొదటి వారంలోనే కవర్లు వేయించేది అందుకే.

మావయ్య: కొత్త సీటుకి వేస్తే భద్రం. చిరిగిన సీటుకి వేస్తే ముసుగు. నేనంటున్నది రెండోదాని గురించి.

మేనల్లుడు: సరే, నీ అతుకు ఎలా ఉంటుందో చెప్పు. ఇదివరకు ఎవరో క్విక్ గమ్ పోసి అతికించిన సీటు ఒకటి చూశాను. గీత పొడుగునా గాజు ముక్కలా గట్టిపడి తొడకి గుచ్చుకుంటోంది.

మావయ్య: గట్టిపడే గమ్ము మెత్తని రెగ్జిన్‌కి పోస్తే అంతే. వంగాల్సిన చోట వంగదు. దాని అంచు పక్కనే కొత్త చిరుగు మొదలవుతుంది. రబ్బరు సొల్యూషన్ పూసినా ఒక్కోసారి నిలవదు. రెగ్జిన్‌లోంచి బయటికొచ్చే ఆ నూనే దాన్ని మెత్తబరిచి జారేలా చేస్తుంది. అందుకే పీవీసీకి పనికొచ్చే గమ్మే కొనాలి. అసలు గమ్ము దాకా రాకముందే సగం పని ఉంది. అదేంటో తెలుసా? నీ షాపులో అమ్మే మెరుపు సీసాలోది కడిగెయ్యడం.

మేనల్లుడు: డ్యాష్‌బోర్డు పాలిషా? దాన్నేమన్నావు ఇప్పుడు?

మావయ్య: చాలావాటిలో సిలికోన్ ఉంటుంది. పొర కంటికి కనపడదు. దాని మీద ఏ పేస్టూ పట్టదు, ఏ రంగూ నిలవదు. చేప కళ్లలా గుంటలు తేలతాయి. సీసా కొనలేని వాళ్లు కొబ్బరినూనె రాస్తారు, కడిగే కుర్రాళ్లు కిరసనాయిలు గుడ్డతో తుడుస్తారు. అందుకే ముందు సబ్బునీళ్లు, తర్వాత జిడ్డు తీసే ద్రావకం, ఆఖర్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్. గుడ్డకి రంగు అంటడం ఆగేదాకా కాదు, జిడ్డు అంటడం ఆగేదాకా. థిన్నర్ మాత్రం ముట్టను. పైన ఉండే పలచని పూతని కరిగించేస్తుంది, లోపలి మెత్తదనాన్ని కూడా లాగేస్తుంది.

మేనల్లుడు: కడిగావు. తర్వాత?

మావయ్య: తర్వాత బ్లేడు. పైకి లేచిన అంచులు, వేలాడే పోగులు కోసెయ్యాలి. కోతకి రెండు కొసలా మూల కోసుగా ఉంటే చిరుగు అక్కణ్ణుంచే పాకుతుంది, అందుకని ఆ కొసలని గుండ్రంగా తియ్యాలి. కోతకన్నా నలువైపులా వేలెడు ఎక్కువ ఉండే గుడ్డముక్క కత్తిరించి, పట్టకారుతో కోతలోంచి లోపలికి దూర్చి, రెగ్జిన్ అడుగున చదునుగా పరవాలి. గమ్ము పెట్టి అంచులు రెండూ దగ్గరికి తెచ్చి బరువు పెట్టాలి. మిగిలిన సందులో పేస్టు. ఒక్కసారే దట్టంగా మెత్తితే పైన ఆరి లోపల పచ్చిగా ఉండిపోతుంది. గోరంత పలచగా ఒక పొర, అది ఆరాక ఇంకో పొర. ప్రతి పొరకీ రేకుతో చదును చెయ్యాలి.

మేనల్లుడు: హీట్ గన్ పెట్టి ఉడికించేస్తే తొందరగా అవుతుందిగా?

మావయ్య: వేడికి గట్టిపడే పేస్టులు వేరే ఉన్నాయి. పీవీసీ పొడిని ఆ మెత్తబరిచే ద్రవంలోనే కలిపిన ముద్ద. 150 డిగ్రీల ప్రాంతంలో ఒకటైపోతుంది. అయితే గన్ నోట్లోంచి వచ్చే గాలి దానికి రెండు మూడు రెట్లు వేడి. ఒకచోట ఆపావా, పక్కనున్న మంచి రెగ్జిన్ మీద గింజలన్నీ కరిగి నున్నగా మెరుస్తాయి. ఇంకా ఎక్కువైతే పీవీసీ మాడి హైడ్రోజన్ క్లోరైడ్ పొగ వస్తుంది. అది ముక్కుల్ని మండిస్తుంది. అందుకే ఈ షెడ్డుకి రెండు వైపులా గోడల్లేవు. డోర్ ప్యాడ్‌కి గాలికి ఆరే రకమే వాడతాను. తొందర అక్కర్లేదు.

మేనల్లుడు: ఎంత చదును చేసినా గింజ రాదు. రెగ్జిన్ మీద ఆ గింజల గరుకే కంటికి పట్టిస్తుంది.

మావయ్య: గింజని ఆ బండిలోంచే తీస్తాను. ప్యాడ్ కింది అంచున కనపడని చోట అదే గరుకు ఉంది. దాని మీద అచ్చు తీసే సిలికోన్ ముద్ద పరిచి ఆరనిస్తే అచ్చు దిగుతుంది. ఆఖరి పొర పూర్తిగా ఆరకముందు అచ్చుని దాని మీద నొక్కి తియ్యాలి. ఆ తర్వాత రంగు. మార్క్ 4 లోపలి రంగు డబ్బాలో దొరకదు. ఏళ్ల తరబడి ఎండకి మారింది కదా. మూల రంగులో పసుపు, గోధుమ చుక్కలు చుక్కలుగా వేస్తూ, ప్యాడ్ మీదే ఒక మూల రాసి ఆరనిచ్చి చూడాలి. తడిగా ఉన్నప్పుడు కలిసినట్టే ఉంటుంది, ఆరాక తేలిపోతుంది. ఆఖర్న మెరుపు లేని పూత. మెరుపు తేడా ఉంటే రంగు కలిసినా అతుకు అరుస్తుంది.

మేనల్లుడు: ఇంతా చేస్తే కనపడదా?

మావయ్య: వెతికేవాడికి కనపడుతుంది. చెయ్యి చాచినంత దూరం నుంచి చూసేవాడికి కనపడదు. ఆయనకి అదే చెబుతాను. మాయం చేస్తానని అననే అనను. నువ్వు అడిగావే మోసం అని, అది పేస్టులో ఉండదు. ఖాతాదారుకి చెప్పే మాటలో ఉంటుంది.

మేనల్లుడు: బాగుంది. మరి ముందు సీటు? అక్కడ కూడా పేస్టేనా?

మావయ్య: కాదు. అది నీదే.

మేనల్లుడు: ఇంత తేలిగ్గా ఒప్పుకుంటావనుకోలేదు.

మావయ్య: ఒప్పుకోడం కాదు, చేత్తో చూసి చెబుతున్నా. కుట్టు వెంబడి సూది పడిన చిల్లులన్నీ వరసగా ఉంటాయి. మనిషి కూర్చుని జరిగినప్పుడల్లా బరువంతా ఆ వరస మీదే పడుతుంది. అక్కడ పేస్టు నింపితే నెల తిరక్కుండా ఊడొస్తుంది. రెగ్జిన్ బాగుంటే ఆ ఒక్క పలకనే విప్పి కొత్తది కుట్టేవాణ్ణి. రంగు కలవదని భయం ఉంటే వెనక సీటు అడుగునో, వీపు వెనకో కనపడని పలకని విప్పి ముందుకి తెచ్చి, కొత్త రెగ్జిన్ ఆ కనపడని చోట వేసేవాణ్ణి. ఇక్కడ సీటంతా పెళుసెక్కింది. పాతపలక కుట్టినా, సూది దిగినచోటల్లా చిరుగుతుంది. మొత్తం మార్చాల్సిందే.

మేనల్లుడు: అయితే మంచి కవరు ఒకటి...

మావయ్య: అదిగో, మళ్లీ కవరు! మార్చమన్నాను, కప్పమనలేదు. పాత రెగ్జిన్ క్లిప్పులు విప్పి ఒలిచెయ్. పలకలు కుట్టు విప్పి విడదీసి, పేర్లు రాసి పెట్టుకో. అవే నీకు కొలతలు. వాటిని కొత్త రెగ్జిన్ మీద పరిచి, కుట్టు మార్జిన్ వదిలి కత్తిరించు. ఆ సీటు మీద నిలువు మడతలున్నాయి, వాటి వెడల్పు మారిస్తే అది అంబాసిడర్ సీటులా ఉండదు. కింద స్ప్రింగులు చూడు, విరిగినవి కట్టు, కుంగిన ఫోమ్ మార్చు. 2014లో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. రేపు ఇంకొకరికి కొలత కావాలంటే ఆ పాతపలకలే దిక్కు. చెత్తలో పడెయ్యకు.

మేనల్లుడు: చెత్త మాట నువ్వెత్తావు గనక అడుగుతున్నా. వస్తువు పారెయ్యకుండా బాగుచేస్తే భూమికి మేలని అందరూ అంటారు. నీ ద్రావకాలు, నీ రంగులు, నీ గన్ పొగ... అవేమీ తులసి నీళ్లు కావుగా?

మావయ్య: కావు. నీళ్లలో కలిసే రంగులకి మారాను, గమ్ముకి ఇంకా దారి దొరకలేదు. ఆ మాట నిజమే. కానీ ఒక్కటి చూడు. జానెడు కోతకి నేను వాడే సరుకు చెంచాల్లో ఉంటుంది. నువ్వు నాలుగు ప్యాడ్లు ఒలిస్తే గజాల కొద్దీ పాత రెగ్జిన్ వస్తుంది. అదెక్కడికి పోతుంది? సాయంత్రం వెనక సందులో మంట పెడతారు. పీవీసీ కాలితే ఆమ్లం పొగ, దాంతోపాటు డయాక్సిన్లు కూడా. కరిగించి మళ్లీ వాడదామన్నా గుడ్డ, ఫోమ్, పీవీసీ మూడూ అతుక్కుని ఉంటాయి, విడదీసేవాడెవడు?

మేనల్లుడు: సరే, దానికి నా దగ్గర జవాబు లేదు. ఎస్‌యూవీకి వద్దాం. సీటు కొత్తది, రెగ్జిన్‌కి జబ్బు లేదు. ఎక్కేటప్పుడు బెల్టు బకిలో, ప్యాంటు రివెట్టో గీరుకుని పక్క అంచు చిరిగింది. నీ లెక్క ప్రకారం దెబ్బే. అతికిస్తావా?

మావయ్య: ముట్టను.

మేనల్లుడు: ఇందాక చెప్పిన సూత్రం ఏమైంది?

మావయ్య: సూత్రం అదే. చిరుగు చుట్టూ చూడమన్నాను. నువ్వు చూశావా? వీపు వైపు పక్కన చిన్న పట్టీ కుట్టి ఉంది, ఎయిర్‌బ్యాగ్ అని. లోపల సంచి మడిచి ఉంది. గుద్దినప్పుడు రెప్పపాటు కూడా పట్టకుండా ఆ పక్క కుట్టుని చీల్చుకునే బయటికి రావాలి. అందుకే కంపెనీ వాళ్లు ఆ కుట్టుని లెక్క ప్రకారం తెగేలా కుడతారు. నేను అడుగున గుడ్డ పెట్టి అతికించి దాన్ని బలంగా చేస్తే సంచి ఆలస్యంగా వస్తుంది, లేదా పక్కదారి పడుతుంది. చేసిన మేలు ప్రాణం మీదికి వస్తుంది.

మేనల్లుడు: మా దగ్గర ఆ పక్క తెరిచి ఉంచిన కవర్లున్నాయి, తెగే దారంతో కుట్టినవీ ఉన్నాయి.

మావయ్య: తెగే దారమని అట్టపెట్టె మీద రాసి ఉంటుంది. ఆ సీటుకి, ఆ సంచికి సరిపోతుందో లేదో ఎవరు పరీక్షించారు? నువ్వా, నేనా? తెరిచి ఉంచిన కవరు వేసినా కింది చిరుగు అలాగే ఉంటుంది. ఆ బండి కంపెనీ వర్క్‌షాపుకే పోవాలి. ఆ సీటుకని కంపెనీ ఇచ్చే తొడుగు వేయించుకోవాలి. ఇంకో మాట, సీటు విప్పడానికి కూడా మన కుర్రాళ్లని పంపకు. అడుగున పసుపు రంగు కనెక్టర్లుంటాయి. బ్యాటరీ తియ్యకుండా వాటిని లాగితే ఏమవుతుందో వాళ్లకి తెలీదు.

మేనల్లుడు: దేశంలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జులై నుంచి తప్పనిసరి. అప్పట్నుంచి వచ్చిన ప్రతి కారులోనూ ఏదో ఒక సంచి ఉంటుంది. పక్క సంచులున్న బండ్లూ పెరుగుతున్నాయి. నీ మాట వింటే నా షాపుకి తాళం వెయ్యాలి.

మావయ్య: నా షెడ్డుకి కూడా. ముందు సంచి స్టీరింగ్‌లో ఉంటుంది, సీటుకి సంబంధం లేదు. స్టీరింగ్ మధ్య మూత, పక్క సీటు ఎదురుగా డ్యాష్‌బోర్డు మూత, పక్క సంచి ఉన్న సీటు అంచు, ఈ మూడూ వదిలేస్తే బండిలో ఇంకా బోలెడు రెగ్జిన్ ఉంది. చేతులానించే చోట్లు, డోర్లు, వెనక సీట్లు, గేరు మీద తొడుగు. ఎక్కడ చెయ్యి పెట్టకూడదో తెలిసినవాడికి పని ఎక్కువే దొరుకుతుంది.

మేనల్లుడు: దొరుకుతుంది, కానీ గిట్టుబాటు కాదు. అసలు గొడవ అదే మావయ్యా. ఇంతసేపూ నువ్వు చెప్పిందంతా ఒప్పుకున్నా, ఒక్కటి మిగిలింది. డోర్ ప్యాడ్‌కి కొత్త రెగ్జిన్ ఖర్చు కంటే నీ కూలే ఎక్కువ. ఆయన బజారులో అడిగితే ఎవరైనా అదే చెబుతారు. ‘ఇంత డబ్బుకి కొత్తదే వచ్చేదిగా’ అంటాడు. ఏం చెబుతావు?

మావయ్య: నిజమేనండీ, కొత్తదే వస్తుంది అంటాను. ఒక ప్యాడ్ మారిస్తే మిగతా మూడు పాతబడినట్టు కనిపిస్తాయి, కాబట్టి నాలుగూ మార్చాలి. ప్యాడ్లు మారిస్తే వెనక సీటు తేలిపోతుంది. అదీ మార్చాలి. ఒక్క కోతకని మొదలుపెట్టి బండి లోపలంతా మార్చాక లెక్కేస్తే నా కూలి చవక. ఆ లెక్క నువ్వు ఆయనకి చెప్పవు, ఎందుకంటే అది నీ లాభం.

మేనల్లుడు: చెప్పను. అబద్ధం ఎందుకు? కానీ నీ పని నేర్చుకునేవాడేడీ? నా దగ్గర కుర్రాడికి కవరు ఎక్కించడం వారంలో వచ్చేస్తుంది.

మావయ్య: అందుకే ఇంకో షాపువాడు రూపాయి ఎక్కువిస్తానంటే వారంలోనే మానేస్తాడు. రంగు కలపడం తెలిసినవాణ్ణి పంపించెయ్యడానికి నీకే మనసొప్పదు.

మేనల్లుడు: ఒక కుర్రాణ్ణి పంపిస్తాను. పొద్దున నీ దగ్గర, మధ్యాహ్నం నా దగ్గర. జీతం ఎవరిస్తారు?

మావయ్య: నేర్చుకునేది నా దగ్గర, సంపాదించేది నీ దగ్గర. నువ్వే ఇవ్వు.

మేనల్లుడు: ఇదేం న్యాయం! సరే, ఇప్పుడు ఆయనకి ఫోన్ చేసి ఏమని చెప్పను?

మావయ్య: డోర్ ప్యాడ్ బాగుచేస్తాం, దగ్గరికెళ్లి చూస్తే గీత తెలుస్తుందని చెప్పు. ముందు సీటు ఒలిచి కొత్తగా కుడతాం, పాతపలకలు ఆయనకే ఇస్తామని చెప్పు. ఎస్‌యూవీ కంపెనీకి పంపమను. అలాగే రెండు బండ్లకీ ముందు అద్దానికి ఎండ తెర కొనుక్కోమను. ఈ మొత్తంలో చవకైన మందు అదే.

మేనల్లుడు: మూడు పనుల్లో నాకొకటి, నీకొకటి, కంపెనీకొకటి. ఎండ తెర నా షాపులోనే ఉంది కాబట్టి నాది ఒకటిన్నర. మరి గ్యారంటీ ఎంతని రాయమంటావు?

మావయ్య: సీటు నువ్వు కుడతావు, నీ ఇష్టం వచ్చినంత రాసుకో. డోర్ ప్యాడ్‌కి కాగితం వద్దు. ఊడితే నా దగ్గరికే తెమ్మను, డబ్బు తీసుకోకుండా మళ్లీ చేస్తాను.

మేనల్లుడు: కాగితం లేకపోతే ఈ రోజుల్లో ఎవరూ నమ్మరు మావయ్యా.

మావయ్య: అయితే రాయి. కాకపోతే ఆ కాగితం మీద సంతకం నాది ఉండాలి, ముద్ర నీ షాపుది కాదు.